ఫిల్టర్ తీసేసిన బండి

సముద్రం మీద దుమ్ము ఉండదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా బోటు ఇంజన్లు బాగుచేస్తున్న మనిషిని, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఉప్పు ఉంటుంది, తడి ఉంటుంది, చేపల జిగురు ఉంటుంది. దుమ్ము మాత్రం ఉండదు. అందుకే మా ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు నోరు తెరుచుకునే గాలి పీలుస్తాయి. గాలి పోయే గొట్టం మూతికి ఒక జాలీ ముక్క కడతాం, గుడ్డపీలికో కాకి ఈకో లోపలికి పోకుండా. అంతకుమించి ఏది అడ్డం పెట్టినా ఇంజన్‌కి ఊపిరాడదని మా నమ్మకం. నాకు పని నేర్పిన పెద్దాయన కొత్త ఇంజన్ వస్తే ముందు దాని ఎయిర్ ఫిల్టర్ ఊడదీసి ఒడ్డున పారేసేవాడు. నేనూ అదే చేశాను. దానివల్ల ఒక్క బోటు కూడా ఆగిపోలేదు.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన నిర్వాకానికి తాగి చేశాననీ, పెళ్ళాం పోయి మతి చెడి చేశాననీ హార్బర్‌లో చెప్పుకున్నారు. అదేం కాదు. మెలకువగా ఉండి, టీ తాగి, నాకు బాగా వచ్చిన పనిని వచ్చినట్టే చేశాను.

మా ఆవిడ వానాకాలంలో పోయింది. జ్వరం అంది, మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది, నాలుగో రోజు లేదు. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళంతా నా మొహంలోకి చూసి, ఏమీ కనపడక, పక్కకి వెళ్ళి గుసగుసలాడారు. ఒకాయన నా వీపు చరిచి, ఏడిసెయ్ మేస్త్రీ, తేలికైపోద్ది అన్నాడు. రాకపోతే ఏం చేసేది, పంపు పెట్టి తోడమంటావా అన్నాను. ఆయన మళ్ళీ నా దగ్గరికి రాలేదు. పెద్ద దినం అయిన మర్నాడే పనిలోకి పోయాను. అన్నం పెడితే తినేవాణ్ణి. కూరలో ఉప్పు పడలేదని పక్కింటామె తనే నొచ్చుకుంటే, అవునా అన్నాను. అలా ఉండేది నా సంగతి. బాధ అని కూడా అనలేను. ఇంజన్ ఆపేశాక దాని మీద చెయ్యి పెడితే ఇంకా కాస్త వెచ్చగా ఉంటుంది చూడండి, నాలో అది కూడా లేదు.

మా ఆవిడ వాళ్ళ అన్నయ్య, అంటే మా బావ, ఒక్కడే అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు. ఆయనా మా వాడలోనే పుట్టినవాడు. వల వదిలేసి స్టీరింగ్ పట్టుకుని గోపాలపట్నంలో ఇల్లు తీసుకున్నాడు. పాత టర్బో డీజిల్ బండి ఒకటి కొనుక్కుని ట్రావెల్స్ వాళ్ళకి తిప్పుతున్నాడు. ఓడ దిగిన సిబ్బందిని పోర్టు గేటు నుంచి హోటళ్ళకి చేర్చడం, సెలవుల్లో జనాన్ని అరకు తీసుకెళ్ళడం ఆయన పని. మేమిద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. పిల్లలు లేని నాకు, ఆవిడ పోయాక, ఆ పిలుపు పిలిచే సొంత మనిషి ఆయనొక్కడే.

చలి మొదలైన రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున బండి వేసుకుని మా ఇంటికి వచ్చాడు.

“బండి ఎక్కట్నేదు బావా. అనంతగిరి ఘాట్లో సెకండు గేరేసినా ఏడుస్తంది. మొన్న ఎనకాల కూకున్నాయన, దిగి నడిసొచ్చెయ్మంటావేటి అనడిగినాడు. తల కొట్టేసినట్టయిపోనాది.”

“మీ ఈదిలో అడుక్కో మెకానిక్కున్నాడు కదా. ఇంత దూరం ఎందుకొచ్చినావు?”

“నీకంటే మెకానిక్కెవుడు?”

“నాది బోటు పని బావా.”

“ఇంజనే కదా. గాలి, నూనె, నిప్పు. నువ్వే సెప్తావు కదేటి.”

ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే కొండ ట్రిప్పులు ఇవ్వమని ట్రావెల్స్ వాళ్ళు అనేశారట. కొండ ట్రిప్పులు పోతే ఆ బండి ఇంట్లో కూర్చోబెట్టుకోవడమే. బండి కూర్చుంటే ఆయన ఇల్లు గడవదు. ఆయనకి ఇంకో విద్య లేదు, సముద్రం మీదకి మళ్ళీ వెళ్ళే వయసు కాదు.

బానెట్ ఎత్తాను.

టర్బో అంటే పెద్ద మాయేం కాదు. ఇంజన్ వదిలే పొగ బయటికి పోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి ఇంజన్లోకి కుక్కుతుంది. కుక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి ముందు భాగంలో ఇంటర్‌కూలర్ అని ఒక జాలీ పెట్టె పెట్టి చల్లబరుస్తారు. గాలి ఎంత చల్లగా, ఎంత ఎక్కువగా వెళ్తే బండి అంత లాగుతుంది. దారిలో ఎక్కడ అడ్డం ఉన్నా, ఎక్కడ కారినా బలం పోతుంది. గాలి దారి పట్టుకుని వెతకడమే పని.

మొదటి రోగం గంటలో దొరికింది. ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌కి వెళ్ళే రబ్బరు హోస్ అడుగున చీలిపోయి ఉంది. పైకి కనపడదు. సబ్బు నీళ్ళు రాసి, బావని యాక్సిలరేటర్ తొక్కమంటే బుడగలు వచ్చాయి. టర్బో ఒక పక్క కుక్కుతుంటే గాలి ఇంకో పక్క నేలపాలవుతోంది. ఇంటర్‌కూలర్ విప్పితే లోపల నూనె జిడ్డు, బయట రెక్కల మధ్య పురుగులూ మట్టీ. గాలి లోపలికి దిగే మానిఫోల్డ్ సగానికి మసి పట్టి, చూరులో పొగ పేరుకున్నట్టు ఉంది. రెండు రోజులు కూర్చుని అన్నీ కడిగాను, గీకాను. హోస్ కొత్తది వేసి మంచి క్లిప్పులు బిగించాను. ఆ పనిలో ఇప్పటికీ నాకు తప్పు కనపడదు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. నాకు చెయ్యి ఆగలేదు. ఫిల్టర్ పెట్టె మూత తెరిచాను. లోపల మడతలు మడతలుగా కాగితం ఫిల్టర్. చేతిలోకి తీసుకుని ముక్కుకి అడ్డం పెట్టుకుని గాలి పీల్చి చూశాను. బిగబట్టినట్టుంది. ఇంత గట్టి కాగితంలోంచి ఈ బండి ఎలా పీలుస్తుందిరా నాయనా అనుకున్నాను. తీసి పక్కన పడేశాను. పెట్టె ముందు గోడని రంపంతో కోసి, చెయ్యి పట్టేంత బొక్క చేసి, దానికి బోటు ఇంజన్‌కి కట్టే ఇనప జాలీ కట్టాను. ఈగ పోదు, చాలు.

బావ చూస్తూనే ఉన్నాడు. “అది తీసేత్తే పర్నేదా?” అని అడిగాడు.

“మా బోట్లకి ఉంటాదేటి? బిగిసిపోయి సత్తంది నీ బండి. ఊపిరాడనీ.”

ఇద్దరం బండి ఎక్కి సింహాచలం కొండ దారి పట్టాం. మొదటి మలుపు దగ్గర బావ కాలు నొక్కాడు. బండి ముందుకు దూకింది. టర్బో ఈల ఇంతకుముందు ఎక్కడో దూరంగా వినపడేది, ఇప్పుడు చెవి పక్కనే ఊదినట్టు మోగింది. మూడో గేర్లో కొండ ఎక్కుతుంటే బావ చిన్నపిల్లాడిలా స్టీరింగ్ మీద కొట్టి, “పిసాచినాగ లాగుతంది బావా” అని అరిచాడు. నేను నవ్వాను. ఆవిడ పోయాక నవ్వడం అదే మొదలు. నవ్వినందుకు సిగ్గేసింది కూడా. బావ నా వైపు చూసి, రోడ్డు వైపు తిరిగాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి కడుపునిండా తిన్నాను.

మా ఇంటి సంగతి ఇక్కడ చెప్పాలి. మా వీధి చివర నుంచి బొగ్గు లారీలు పోతాయి. కిటికీ తెరిస్తే నల్లదుమ్ము, మూసినా నల్లదుమ్మే. మా ఆవిడ రోజూ పొద్దున్నే కిటికీ గట్టు తుడిచేది. తుడవడానికి ముందు చూపుడువేలు గట్టు మీద రాసి, టీ తాగుతున్న నా మొహం ముందు పెట్టేది. వేలు నల్లగా ఉండేది. తల కాస్త ఓరగా వాల్చి, కళ్ళు చిన్నవి చేసి, “సూడు” అనేది. “ఏటి సూసేది, దుమ్మే కదా” అని నేను పేపర్ తిప్పేవాణ్ణి. పాత చీర ముక్క తడిపి కిటికీకి కట్టేది. సాయంత్రం అది పిండితే బకెట్లో నల్లనీళ్ళు. పాతికేళ్ళు రోజూ ఆ నీళ్ళు నా కాళ్ళ పక్కనుంచే పారాయి. నేను మాత్రం దుమ్ము లేని ఇంట్లో ఉన్నాననే అనుకున్నాను. కంచం కింద, దిండు మీద, మంచినీళ్ళ బిందె మూత మీద ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు మరి. ఆవిడ పోయాక గట్టు మీద, టీవీ మీద, మంచం కోళ్ళ మీద నల్లగా పేరుకుంది. చూశాను. చూసి, అలాగే వదిలేశాను. తుడవాలనిపించలేదు.

ఎండాకాలం మధ్యలో బావ ఫోన్ చేశాడు. గొంతు వేరేగా ఉంది.

“బావా, ఘాట్లో ఆగిపోనాది. లోపలేటో ఇరిగినట్టు అరుపరిసినాది. ఎనకాల తెల్లపొగ, నీలంపొగ, ఏటేటో. ఎనకాల పిల్లలున్నారు బావా, దడిసిపోనారు.”

ఎవరికీ ఏమీ కాలేదు. వేరే బండిలో జనాన్ని పంపించేసి, లారీకి తాడు కట్టించి మా ఇంటి ముందుకి తెచ్చాడు. ట్రావెల్స్ వాళ్ళు ఆయన పేరు కొట్టేశారు. బండి బాగై నెల రోజులు పేచీ లేకుండా తిరిగితే అప్పుడు చూద్దామన్నారట. బావ అరుగు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“పాత బండి కదా బావా. దాని కాలం అయిపోనాది అంతే. నువ్వు సేసినావు కాబట్టి ఇన్నాళ్ళు లాగినాది.”

ఆయన వెళ్ళాక టర్బో విప్పాను. గాలి లాగే చక్రం రెక్కలు కత్తుల్లా ఉండాలి. ఎలక కొరికినట్టు అంచులన్నీ అరిగిపోయి ఉన్నాయి. ఒక రెక్క విరిగింది. ఇరుసు వేలితో కదిపితే లొటలొటలాడింది. గాలి గొట్టం విప్పి లోపల వేలు రాశాను. వేలు నల్లగా వచ్చింది. పోర్టు గేటు దగ్గర బొగ్గు లారీల వెనక నిలబడి, ఆ బండి నెలల తరబడి జాలీలోంచి పీల్చింది అదే. సిలిండర్లు చూస్తే గోడలు గీరుకుపోయాయి. పిస్టన్ రింగులు పోయాయి.

ఒడ్డు మీద దుమ్ము ఉంటుంది. ఇంతే సంగతి. బుర్ర ఉన్న ఎవడికైనా తెలిసిన సంగతి. బండి మెకానిక్ ఎవడూ చెయ్యని తప్పు, హార్బర్‌లో పెద్ద మేస్త్రీ అని పేరున్న నేను చేశాను. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రోజు కొండ మీద బండి దూకింది కొత్త హోస్ వల్ల, కడిగిన ఇంటర్‌కూలర్ వల్ల. ఫిల్టర్ తీసినందువల్ల వచ్చింది ఈల ఒక్కటే. నా తెలివికి దక్కింది ఆ చప్పుడు.

వేలు కడుక్కోకుండా ఇంట్లోకి వెళ్ళాను. ఇంకో చేతి వేలు కిటికీ గట్టు మీద రాశాను. రెండు వేళ్ళూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటే నలుపు. ఏడుపు వస్తుందేమోనని నిలబడ్డాను. రాలేదు. కోపం వచ్చింది. చాలా నెలల తర్వాత నాకు వచ్చినదేదైనా ఉంటే అది ఆ కోపం, అదీ నా మీదే.

ఇప్పుడు చెప్పాలా వద్దా అన్నది మిగిలింది. బావకి అనుమానం లేదు. పాత బండి అని తనే అనేశాడు. నేను తలూపితే చాలు. చెబితే ఆయన కూడు పోగొట్టింది నేనే అని తేలిపోతుంది. ఇక ఆ ఫోన్ రాదు, ఆ పిలుపు ఉండదు. మా ఆవిడ తాలూకు మనిషంటూ ఈ ఊళ్ళో నాకు ఇంకెవరూ మిగలరు. రెండు రోజులు మింగలేక కక్కలేక తిరిగాను. మూడో రోజు ఆయన వచ్చి, “ఏటంటావు బావా, లెగుద్దా?” అని అడిగాడు.

అరిగిన చక్రం తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాను.

“బండి కాలం అయిపోనేదు బావా. నానే సంపేసినాను. ఆ ఫిల్టరు తియ్యకూడదు. బోటు పని తెచ్చి నీ బండికి పెట్టినాను. దుమ్మంతా లోపలికెల్లి తినేసినాది.”

బావ చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. విరిగిన రెక్క మీద బొటనవేలు పెట్టి కాసేపు ఉంచాడు. తర్వాత దాన్ని అరుగు మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండును.

పది రోజులు ఫోన్ లేదు. వేరేవాళ్ళ బండికి కూలి డ్రైవర్‌గా పోతున్నాడని హార్బర్‌లో ఎవరో చెప్పారు. నేను బోట్ల పని మానేసి ఆ ఇంజన్ మీద కూర్చున్నాను. మొత్తం విప్పి సిలిండర్లు సాపు చేయించాను, రింగులు మార్చాను, టర్బో ఇంకోటి వెతికి తెచ్చాను. ప్రతి గొట్టం లోపలా తెల్లగుడ్డ తోసి, అది తెల్లగానే బయటికి వచ్చేదాకా తుడిచాను. ఒక పొద్దున ఆ గుడ్డతోనే ఇల్లు కూడా తుడవడం మొదలుపెట్టి సాయంత్రం దాకా తుడిచాను. ఆవిడ చీర ముక్క గూట్లో దొరికింది. తడిపి కిటికీకి కట్టాను. ముడి నాకు సరిగ్గా రాలేదు, రెండుసార్లు జారిపోయింది.

పదకొండో రోజు బావ వచ్చాడు. చంకలో అట్టపెట్టె ఉంది. అందులో కొత్త ఫిల్టర్ పెట్టె, మూతతో సహా, లోపల కొత్త ఫిల్టర్. అరుగు మీద పెట్టి, పక్కన కూర్చున్నాడు.

“ఇదెట్టి, మూత బిగించు. నాను కూకుని సూత్తాను.”

“కోపం పోనాదా బావా?”

“పోనేదు. ముందు బిగించు.”

నాలుగు క్లిప్పులూ బిగించాను. ఆయన లేచి వచ్చి ఒక్కొక్క దాన్నీ తనే లాగి చూశాడు. స్టార్ట్ చేశాం. ఈల మళ్ళీ ఎక్కడో దూరంగా, ఉందా లేదా అన్నట్టు వినపడింది. అదే మంచి చప్పుడు. ఇంటికి బయల్దేరుతూ కిటికీ అద్దం దించి అన్నాడు.

“మా సెల్లుంటే నిన్నా పని సెయ్యనిచ్చేది కాదు. ఏలెట్టి సూపించేది.”

ఆ మాట తిట్టో, ఓదార్పో నాకు తెలీలేదు. తలూపాను.

నెల తిరిగాక ఫిల్టర్ చూడమని బండి తెచ్చాడు. ఈ నెలంతా పేచీ లేకుండా తిరిగిందనీ, వచ్చే వారం నుంచి మళ్ళీ కొండ ట్రిప్పులు ఇస్తామన్నారనీ చెప్పాడు. మూత తీసి, ఫిల్టర్ బయటికి లాగి, అరుగు అంచుకి కొట్టాను. మడతల్లోంచి నల్లటి పొడి జలజలా రాలి సిమెంటు మీద చిన్న కుప్పగా పడింది. ఒక్క నెలకి ఇంత. గొట్టం లోపల గుడ్డ పెట్టి తీశాను, తెల్లగానే ఉంది.

బావ వంగి, కుప్పలో చూపుడువేలు రాసి, నా మొహం ముందు పెట్టాడు. తల కాస్త ఓరగా వాల్చాడు. కళ్ళు చిన్నవి చేశాడు.

“సూడు బావా.”

అన్నాచెల్లెళ్ళు కదా, అదే వాలు, అవే కళ్ళు. వేలు కూడా అలాంటిదే. ఈసారి చూశాను. తను అచ్చం చెల్లెల్లా చేశాడని ఆయనకి తెలీదు. చూపించి, వేలు లుంగీకి తుడుచుకోబోయాడు.

“తుడవకు బావా,” అన్నాను. “కాసేపు ఉండనీ.”

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. అరుగు మీద కూర్చుండిపోయాను, ఫిల్టర్ ఒళ్ళో పెట్టుకుని, వీధిలో జనం చూస్తుండగా. బావ నా ఏడుపు అయ్యేదాకా ఆ నల్లటి వేలు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.